47 పిల్లల్లో 42 మగవి: వాగులో పట్టిన క్రిబెన్సిస్‌తో పద్నాలుగు నెలలు

నాలుగు నెలల పిల్లలను తెల్లటి ట్రేలోకి తీసి లెక్కపెడుతున్నాను. ఇరవయ్యో చేప దగ్గర అనుమానం వచ్చింది, ముప్పయ్యో చేప దగ్గర అనుమానం తీరిపోయింది. మొత్తం 47. తోక పైభాగంలో మచ్చలు తేలి, వీపు రెక్క కొస సాగుతున్న మగవి 42. పొట్టకు ఊదారంగు తిరుగుతున్న ఆడవి 5. ఒక్కదానికీ వెన్ను వంకర లేదు, రెక్క చిరుగు లేదు. పైకి చూస్తే ఎవరైనా మెచ్చుకునే కాన్పే. కానీ ఇది జతగా బతికే చేప. 37 మగ చేపలకు తోడే లేదంటే, అంత దూరం నుంచి తెప్పించుకున్న సంతతి నా చేతుల్లో మొదటి తరంలోనే కుంటుపడినట్టు.

తప్పు నాదే. నీటిని అవసరానికి మించి పులుపెక్కించాను. ఎందుకు ఎక్కించానో, దానికి ఎంత చెల్లించుకున్నానో, అది లేకుండానే పని జరిగి ఉండేదని ఎలా తెలిసిందో ఇక్కడ రాస్తున్నాను.

చేప, దాని ఊరు

ఇది పెల్వికాక్రోమిస్ క్రిబెన్సిస్, కామెరూన్ వాగుల్లో బతికే సిక్లిడ్ కుటుంబపు చిన్న చేప. ఆక్వేరియంవాళ్లు ముద్దుగా 'క్రిబ్' అని పిలుచుకునే చేప ఇది కాదు, చిక్కంతా అక్కడే ఉంది. దశాబ్దాలుగా క్రిబెన్సిస్ పేరుతో అమ్ముడవుతున్నది నైజీరియా వైపు చేప పెల్వికాక్రోమిస్ పుల్కర్. దాన్ని బౌలెంజర్ అనే జీవశాస్త్రవేత్త 1901లో వర్ణించాడు. ఆయనే 1911లో కామెరూన్ తీరంలోని క్రిబి పట్టణం పేరు మీద మరో చేపకు క్రిబెన్సిస్ అని పేరు పెట్టాడు. వ్యాపారంలో ఆ పేరు వెళ్లి పుల్కర్‌కు అంటుకుంది. అసలు క్రిబెన్సిస్‌ను మాత్రం చాలాకాలం పెల్వికాక్రోమిస్ టీనియేటస్‌లో కలిపేశారు. 2014లో ఆంటన్ లాంబోయ్ అనే పరిశోధకుడు మరో ఇద్దరితో కలిసి ఆ గుంపును తిరిగి పరిశీలించాడు. నైజీరియా, బెనిన్ వైపు చేపలకు టీనియేటస్ పేరు ఉంచి, కామెరూన్ చేపలకు క్రిబెన్సిస్ పేరు తిరిగి ఇచ్చారు. దౌలా దగ్గరి వూరీ నది చేపకు డ్రాకెన్‌ఫెల్సి అని కొత్త పేరు పెట్టారు. నూరేళ్లకు చేపకు తన పేరు తనకు దక్కింది కానీ, అమ్మే తొట్టెల అట్టల మీద ఇప్పటికీ పుల్కరే క్రిబెన్సిస్.

ఈ పేర్ల గొడవ నాకు చాదస్తం కాదు. క్రిబెన్సిస్‌లో వాగుకొక రంగు ఉంటుంది. మోలివే, నియెటె, దెహానె, లోబే, బిపిండి అని పట్టిన చోటి పేరు చేప వెంటే నడుస్తుంది. ఒక చోటి ఆడ చేపను మరో చోటి మగ చేపతో వదిలితే పిల్లలు పుడతాయి, అందంగానే ఉంటాయి, కానీ అవి ఏ వాగువీ కావు. ఒకసారి కలిస్తే విడదీయడం ఎవరి తరమూ కాదు. నా చేపలు నియెటె పేరుతో వచ్చాయి. తొట్టె మీద అట్ట, నోటుపుస్తకంలో పేజీ, ఇచ్చేటప్పుడు సంచి మీద రాత, మూడు చోట్లా అదే పేరు ఉంటుంది.

దక్షిణ కామెరూన్ తీరంలో ఏడాదికి రెండు వానకాలాలు. వాగులు అడవి నీడలో, రాలిన ఆకుల మీదుగా పారతాయి. నీటిలో కరిగిన ఖనిజాలు చాలా తక్కువ, కాస్త ఆమ్లగుణం ఉంటుంది. ఈ రెండు లక్షణాలూ వాగులో కలిసే ఉంటాయి. వాటిని నేను ఒకటే అనుకున్నాను. ఈ కేసులోని పొరపాట్లన్నిటికీ మూలం అదే.

సంచి విప్పిన రోజు

మూడు జతలు అడిగాను. వచ్చినవి రెండు మగవి, నాలుగు ఆడవి. వాగులో పట్టిన చేపల విషయంలో ఇలాంటి లెక్కల తేడాకు అలవాటు పడాలి. అలసిపోయి రంగు వదిలేసిన ఆడ చేపను చిన్న మగ చేప అనుకోవడం అనుభవం ఉన్నవారికీ జరుగుతుంది.

ప్రయాణం ఒకటిన్నర రోజు. అంతసేపు మూసిన సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) పడిపోతుంది. చేప వదిలిన అమ్మోనియా ఆ తక్కువ పీహెచ్‌లో అమ్మోనియంగా మారి పెద్దగా హాని చేయకుండా ఉంటుంది. సంచి విప్పగానే గాలి తగిలి కార్బన్ డయాక్సైడ్ తప్పుకుంటుంది, పీహెచ్ పైకి లేస్తుంది, అమ్మోనియం తిరిగి అమ్మోనియా అవుతుంది. ఇలాంటప్పుడు చుక్కచుక్కగా కొత్త నీరు కలుపుతూ రెండు గంటలు అలవాటు చేయడమంటే, చేపను దాని సొంత మలినంలో నానబెట్టడమే. ఆ పని వెనుక ఒకసారి వేరే జాతితో చేశాను. ఈసారి సంచిని విప్పకుండా ఇరవై నిమిషాలు తొట్టెలో తేల్చి ఉష్ణోగ్రత సమం చేశాను. క్వారంటైన్ తొట్టె నీటిని ముందే మెత్తగా (ఖనిజాలు తక్కువగా), తక్కువ పీహెచ్‌తో సిద్ధం చేసి ఉంచాను. విప్పిన వెంటనే వలతో చేపలను అందులోకి మార్చి, సంచి నీటిని పారబోశాను.

అయినా ఒక ఆడ చేప మూడో రోజున పోయింది. వచ్చినప్పుడే దాని పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంది, తల వెనుక వీపు కత్తి అంచులా తేలి ఉంది. వాగు చేప కొనేటప్పుడు రంగును కాదు, ఆ వీపును చూడాలి. రంగు రెండు వారాల్లో వస్తుంది. కరిగిపోయిన వీపు కండ తిరిగి పట్టడం మాత్రం చాలా అరుదు.

మిగిలిన ఐదూ గుళికల మేత వైపు కన్నెత్తి చూడలేదు. ఇవి సహజంగా ఆకుల మీద పేరుకునే పొరను, నాచును, అందులోని చిన్న పురుగులను గీరుకుని తింటాయి. పైనుంచి పడే గుండ్రటి వస్తువు తిండి అని వాటికి ఎవరూ చెప్పలేదు. బతికున్న డాఫ్నియా (నీటి ఈగలు), దోమ లార్వాలతో మొదలుపెట్టాను. పది రోజులకు గడ్డకట్టిన మేత, నెలకు మెత్తగా నానిన గుళికలు అలవాటయ్యాయి. నాచు పట్టిన రాయి ఒకటి పక్క తొట్టె నుంచి తెచ్చి పెడితే అన్నిటికన్నా ముందు దాని మీద పడ్డాయి.

రెండో వారంలో పెద్ద మగ చేప మలద్వారం నుంచి ఎర్రటి దారాల కొసలు కనిపించాయి. చేప పేగుల్లో ఉండే కామలానస్ పురుగు. లీటరుకు 2 మిల్లీగ్రాముల లెవమిసోల్ హైడ్రోక్లోరైడ్ కలిపి, దీపం ఆర్పి ఒక రోజు ఉంచాను. ఈ మందు పురుగును చంపదు, పట్టు వదిలేలా చచ్చుబరుస్తుంది. చేప దాన్ని బయటికి విసర్జిస్తుంది. కాబట్టి మందు వేయడం సగం పని మాత్రమే. మర్నాడు అడుగంతా సైఫన్‌తో లాగేసి నీరు మార్చకపోతే మిగతా సగం మిగిలిపోయినట్టే. మూడు వారాలకు ఇదంతా మరోసారి చేశాను. క్వారంటైన్ తొట్టెలో ఇసుక వేయకుండా అడుగు ఖాళీగా ఉంచింది ఇందుకే. చూడటానికి బాగుండదు, కానీ ఏం రాలిందో కనిపిస్తుంది.

ఏడు వారాలకు ఐదు చేపలూ వీపు నిండి, నన్ను చూస్తే ముందుకు రావడం మొదలుపెట్టాయి.

తొట్టె

80 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 40 ఎత్తు. సన్నని ఇసుక, దాని మీద రెండు పొరలుగా ఎండిన బాదం ఆకులు, చెట్టు వేళ్లు, కాస్త జావా ఫెర్న్ మొక్క. గాలితో నడిచే రెండు స్పాంజ్ ఫిల్టర్లు. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. పైన తిరగడానికి ఎనిమిది ల్యాంప్‌ఐ చేపలు వేశాను. పైన చిన్న చేపలు ధైర్యంగా తిరుగుతుంటే కింద సిక్లిడ్‌లు తమకూ ఆపద లేదని నమ్మి బయటికి వస్తాయి.

గుహలుగా నాలుగు కొబ్బరి చిప్పలు బోర్లించాను. గుహకు ముఖ్యం లోపలి వైశాల్యం కాదు, మూతి. ఆడది సులువుగా దూరాలి, మగది ఒరుసుకుంటూ దూరాలి. మూతి పెద్దదైతే ఆడదానికి అది ఇల్లులా అనిపించదు. నేను రెండు వేళ్లు పట్టేంత కోసి, అడుగుకు ఆనేలా పెట్టాను. మిగతాది అవి ఇసుక తవ్వి సరిచేసుకుంటాయి. నాలుగు చిప్పల మూతులూ నాలుగు దిక్కులకు ఉండాలి. ఒకే వైపు ఉంటే ఒక చేపే అన్నిటికీ కాపలా కాయగలదు.

పెళ్లిచూపులు

ఈ చేపల్లో చొరవ ఆడదానిది. పొట్ట పండిన రేగిపండులా ఎరుపెక్కి, ఆ పొట్టను మగదాని కళ్ల ముందు విల్లులా వంచి వణికిస్తుంది. మగది ఆసక్తి చూపకపోతే ఇంకో పక్క నుంచి వచ్చి మళ్లీ వణికిస్తుంది. ఐదింటినీ కలిపి వదిలిన మూడో వారంలో, ముగ్గురిలో నడిపి ఆడది పెద్ద మగదాన్ని ఎంచుకుంది.

ఎంచుకున్న క్షణం నుంచి మిగతా మూడు చేపలకు ఆ తొట్టెలో చోటు లేకుండా పోయింది. రెండో రోజు సాయంత్రానికి ఒక ఆడ చేప తోక సగం చిరిగి, ఫిల్టరు వెనుక నీటి అంచున నిలువుగా నిలబడి ఉంది. మొదటి దెబ్బ కనిపించిన రోజే విడదీయాల్సింది. 'సర్దుకుంటాయిలే' అని ఒక రాత్రి ఆగాను. ఇలాంటి రాత్రులే చేపల్ని చంపుతాయి. అది బతికింది, తోక రెండు నెలల్లో తిరిగి పెరిగింది. ఆ ముగ్గురినీ వేరే తొట్టెకు మార్చాను. రెండో మగ చేపను అలా పక్కన దాచి ఉంచడం తర్వాత ఎంత అక్కరకు వస్తుందో అప్పటికి తెలియదు.

ఒక చిన్న ముచ్చట. పుల్కర్ జాతిలో పెద్ద మగ చేప నేలలో చిన్న మగ చేపలు ఉపగ్రహాల్లా ఉండి, కాపలాకు సాయం చేస్తూ దొంగచాటుగా గుడ్లకు తండ్రులూ అవుతాయని మార్టిన్, టబోర్స్కీ 1997లో రాశారు. నా పెద్ద మగది అలాంటి సాయం ఏదీ కోరుకునే రకం కాదు.

రెండు కాన్పులు పోయాయి

మొదటిసారి గుడ్లు పెట్టినప్పుడు నీరు కుళాయి నీటికి ఆర్‌ఓ నీరు కలిపినది. కండక్టివిటీ (నీటిలో ఖనిజాలు ఎంత కరిగి ఉన్నాయో చెప్పే కొలత) 280 మైక్రోసీమెన్స్, పీహెచ్ 7. ఆడది చిప్పలోకి వెళ్లి మూతిని ఇసుకతో సగం పూడ్చుకుంది. చిన్న అద్దం ముక్కను పుల్లకు కట్టి లోపలికి చాపి చూస్తే, పైకప్పుకు ఆవగింజంత గుడ్లు అరవై దాకా అంటుకుని ఉన్నాయి. రెండో రోజుకు సగం తెల్లబడ్డాయి. మూడో రోజుకు అన్నీ బూజు.

రెండోసారి కండక్టివిటీ 120, పీహెచ్ 6.4. తెల్లబడినవి కొన్నే. మూడో రోజు ఉదయం మాత్రం చిప్ప ఖాళీ. ఆడది ఏమీ జరగనట్టు బయట తిరుగుతోంది. గుడ్లను తినేసింది.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది. రెండు ప్రయత్నాల మధ్య కండక్టివిటీ సగానికన్నా తగ్గింది, గుడ్ల పరిస్థితి మెరుగైంది. తొలిసారి తల్లి అయిన సిక్లిడ్ గుడ్లు తినడం వింతేమీ కాదు, మూడో నాలుగో సారికి నేర్చుకుంటుంది. అదీగాక ఆ రాత్రి గదిలో దీపం ఒక్కసారిగా ఆరిపోయింది, ల్యాంప్‌ఐలు గుహ దగ్గర నిద్రపోతుంటాయి. కారణాలు వెతికితే నాలుగు దొరికేవి. నేను మాత్రం ఒక్కటే చూశాను. పీహెచ్ ఇంకా దిగలేదు, అందుకే ఇలా అయింది అనుకున్నాను. వాగు నీరు ఆమ్లం కదా అన్నది నా వాదన.

పులుపు

ఆర్‌ఓ నీటిలో పీట్ (చిత్తడి నేలల్లో కుళ్లిన నాచు, నీటిని పులుపెక్కిస్తుంది) సంచి వేసి, ఆకులు రెట్టింపు చేసి, ఆరు వారాల్లో పీహెచ్‌ను 5.1కి దించాను. కండక్టివిటీ 45. నీరు చిక్కటి తేనీటి రంగులోకి వచ్చింది. చేపల రంగు నిజంగానే పెరిగింది, అందువల్ల నేను చేస్తున్నది సరైనదేనన్న ధీమా కూడా పెరిగింది. ఇంత తక్కువ ఖనిజాలున్న నీటిలో పీహెచ్ మీటరు స్థిరపడటానికి చాలాసేపు తీసుకుంటుంది. ముంచగానే కనిపించిన అంకెను రాసుకోకూడదు. పది నిమిషాలు ఆగి చూడాలి. మొదట్లో నేను ఆగలేదు కాబట్టి నీరు నేను అనుకున్నదానికన్నా పుల్లగా ఉన్న రోజులూ ఉండి ఉంటాయి.

పీహెచ్ 6 కన్నా దిగితే ఫిల్టరులో అమ్మోనియాను తొలగించే నైట్రీకరణ బాక్టీరియా పని బాగా మందగిస్తుంది. తిండి ఎప్పటిలాగే పడుతోంది, మలినం ఎప్పటిలాగే చేరుతోంది, శుభ్రం చేసేవారు మాత్రం నిద్రలో ఉన్నారు. చేపలకు బాధ తెలియదు, ఎందుకంటే 5 దగ్గర అమ్మోనియా దాదాపు అంతా అమ్మోనియం రూపంలోనే ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7లో విషపు రూపం 1 శాతం కన్నా తక్కువ, 8కి చేరితే 5 శాతం దాటుతుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే విషం ఇంచుమించు పది రెట్లు. ఈ లెక్క నాకు తెలియనిది కాదు. సంచి విప్పిన రోజు ఇదే లెక్కతో జాగ్రత్తపడ్డాను. అదే రసాయనం నా తొట్టెలో నెలన్నరగా సిద్ధమవుతోందని మాత్రం తట్టలేదు. పాత ఫిల్టరు, కుదురైన తొట్టె అన్న ధైర్యంతో అమ్మోనియా పరీక్ష మానేసి చాలాకాలమైంది.

ఆర్‌ఓ పొర మూసుకుపోయిన వారం వచ్చింది. కొత్త పొర తెచ్చేలోగా ఒక్కసారికి ఏమవుతుందిలే అని కుళాయి నీటితోనే నలభై శాతం మార్చాను. ఆ నీటి పీహెచ్ 7.8. నా తొట్టె నీటికి దాన్ని అడ్డుకునే శక్తి ఏదీ లేదు. గంటలో తొట్టె 7.4కి చేరింది.

చీకటి పడేసరికి ల్యాంప్‌ఐలు నీటి పైఅంచున నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మగ చేప ఆకుల మీద పక్కకు ఒరిగి ఉంది. అప్పుడు పరీక్షిస్తే మొత్తం అమ్మోనియా లీటరుకు 3 మిల్లీగ్రాములు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నేను నిజంగానే బాదం ఆకులు, పీట్ నానిన నీరు పట్టుకుని పరుగెత్తాను. దాచి ఉంచిన పుల్లటి నీటిని కొద్దికొద్దిగా పోస్తూ పీహెచ్‌ను తిరిగి 6 దిగువకు తెచ్చాను. విషం అమ్మోనియంగా మారితే చేపకు ఊపిరి దక్కుతుంది, మలినాన్ని ఆ తర్వాత తీయవచ్చు. ఆడది తేరుకుంది. మగది తెల్లవారేసరికి చనిపోయింది. ఎనిమిది ల్యాంప్‌ఐలలో ఐదు పోయాయి.

క్రిబి దాపుల ఏ వాగులోనో పుట్టి, వలను, ప్రయాణాన్ని, పురుగులను తట్టుకున్న చేప అది. ఒక బకెట్టు నీటికి పోయింది.

47

తెలివైనవాడైతే అక్కడే పద్ధతి మార్చుకునేవాడు. నేను పద్ధతి మార్చలేదు, జాగ్రత్తను మాత్రమే పెంచాను. నీరు మార్చడానికి ముందే కలిపి సరిచూసిన నీరే వాడాలి, ఒకసారి పదిహేను శాతం మించకూడదు, వారానికోసారి అమ్మోనియా చూడాలి, మేత సగానికి తగ్గించాలి. ఇవన్నీ మంచి నియమాలే, ఇప్పటికీ పాటిస్తున్నాను. తప్పల్లా పీహెచ్‌ను మళ్లీ 5.1 దగ్గరే నిలపడం.

పక్క తొట్టెలోని రెండో మగ చేపను తెచ్చాను. నేరుగా వదలలేదు. చిల్లుల పలకతో తొట్టెను రెండుగా చేసి పన్నెండు రోజులు ఉంచాను. నాలుగో రోజుకే ఆడది పలక దగ్గరకు వచ్చి పొట్ట వంచడం మొదలుపెట్టింది. పలక తీసిన తర్వాత రెండు వారాలకు, రెండు డిగ్రీలు చల్లటి మెత్తటి నీటితో వరసగా మూడు రోజులు కొద్దికొద్దిగా మార్చాను. వాగుకు వాన వచ్చినట్టు అనిపించాలని నా ఉద్దేశం. అయిదో రోజున ఆడది చిప్పలోకి వెళ్లి మూతి పూడ్చుకుంది.

గుడ్లు మూడు రోజులకు పొదిగాయి. ఎనిమిదో రోజు ఉదయం ఆడది చిప్ప మూతి తవ్వి, ఇసుకలో కలిసిపోయే రంగున్న పిల్లల మందను బయటికి తెచ్చింది. ఈ దృశ్యం ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. తల్లి కడుపు రెక్కలను ఒక్కసారి విదిలిస్తే పిల్లలన్నీ ఒకేసారి అడుగుకు పడిపోయి ఆకు ముక్కల్లా కదలకుండా ఉంటాయి. ఆపద తప్పిందనిపిస్తే తిరిగి లేస్తాయి. మగది మీటరు దూరంలో నా వేలు కదిలినా అద్దం మీదకు దూకేది. ల్యాంప్‌ఐలు మూడూ మిగిలిన నెలన్నర కాలం పై మూలనే గడిపాయి.

పిల్లలకు మొదటి రోజు నుంచే అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్య పిల్లలు) వేశాను, రోజుకు మూడుసార్లు. తిన్నదో లేదో తెలుసుకోవడం తేలిక, పొట్టలు నారింజ రంగులో మెరుస్తాయి. మేతకు మేతకు మధ్య అవి ఆకుల మీది పొరను గీరుకుంటూనే ఉంటాయి. ఆకులు లేని తొట్టెలో ఇంత సమంగా పెరగవని నా అనుభవం. ఆరు వారాలకు పిల్లలను వేరే తొట్టెకు మార్చి, ఆడదాన్ని కూడా విడిగా ఉంచాను. అది చాలా చిక్కిపోయింది, మగది అప్పుడే మళ్లీ వెంటపడుతోంది.

ఆ తర్వాతి సంగతి మొదటే చెప్పాను. 42, 5.

మళ్లీ

ఈ చేపల్లో పీహెచ్ పిల్లల లింగాన్ని ప్రభావితం చేస్తుందన్నది కొత్త విషయం కాదు. 1985లో రూబిన్ సిక్లిడ్‌ల మీద చేసిన పరీక్షల్లో ఆమ్లపు నీటిలో పెరిగిన పిల్లల్లో మగవి ఎక్కువ తేలాయి. 2013లో రెడన్, హర్డ్ పుల్కర్ మీద చేసిన పరిశీలన కూడా బతుకు తొలి రోజుల్లోని పీహెచ్ మగ, ఆడ నిష్పత్తిని మారుస్తుందనే చెప్పింది. ఇవి చదివే ఉన్నాను. చదివినప్పుడు అది దుకాణాల్లో దొరికే పుల్కర్ సంగతిలే అనుకున్నాను. దాని దాయాది నా తొట్టెలోనే ఉందని గుర్తుంచుకోలేదు.

అసలు ప్రశ్న అది కూడా కాదు. గుడ్లు పొదగడానికి 5.1 అవసరమా? మొదటి రెండు కాన్పులు పోయింది వేరే మగ చేపతో. అది వీర్యం సరిగా లేని చేపో, అనుభవం లేని చేపో అయి ఉండవచ్చు. మూడోసారి మగ చేపా మారింది, ఆడదానికి అనుభవమూ వచ్చింది, కండక్టివిటీ 45కి దిగింది, పీహెచ్ 5.1కి దిగింది. నాలుగు మారితే, ఘనత అంతా నేను చెమటోడ్చిన ఒక్కదానికి ఇచ్చుకున్నాను.

అందుకని అదే జతతో, అదే తొట్టెలో, అదే చిప్పతో, కండక్టివిటీని 50 దగ్గరే ఉంచి పీహెచ్‌ను మాత్రం 6.3కి ఎత్తాను. పీట్ తీసేశాను, ఆకులు సగం తగ్గించాను, ఆర్‌ఓ నీటికి కొద్దిపాటి కుళాయి నీరు కలిపాను. ఇలా ఎత్తడానికి అయిదు వారాలు పట్టింది. ఎత్తేముందు ప్రతిసారీ అమ్మోనియా పరీక్ష చేశాను. ఒకసారి కాలిన చేయి ఇది. 6.3 దగ్గర ఫిల్టరు తిరిగి పని అందుకుంది, మొత్తం అమ్మోనియా సున్నాకు వచ్చి అక్కడే నిలిచింది.

గుడ్లు పెట్టిన మూడో రోజున అద్దం ముక్కతో చూస్తే తెల్లబడినవి అయిదో ఆరో. మిగతావన్నీ పొదిగాయి. నాలుగు నెలలకు మళ్లీ తెల్లటి ట్రే తీశాను. 38 పిల్లలు, 17 మగవి, 21 ఆడవి.

ఒక్క తొట్టె, రెండు కాన్పులు. దీన్ని ప్రయోగశాల ఫలితమని నేను అనను. కానీ నా చేతి పని మార్చుకోవడానికి నాకు ఇది చాలు. ఇప్పుడు నేను మొదట చూసే అంకె కండక్టివిటీ. అది 60 లోపు ఉంటే పీహెచ్‌ను 6, 6.5 మధ్య వదిలేస్తాను. కొత్తగా పెంచేవారు ఎవరైనా పీట్ సంచి గురించి అడిగితే, ముందు అమ్మోనియా పరీక్ష పెట్టె ఉందా అని అడుగుతాను. కాంగో వైపు నానోక్రోమిస్ చేపలలాంటివి కొన్ని నిజంగానే చాలా పుల్లటి నీటిని కోరతాయి, మాయ్-న్దోంబే సరస్సు చేప నానోక్రోమిస్ ట్రాన్స్‌వెస్టిటస్ వాటిలో ఒకటి. ఆ అలవాటును క్రిబెన్సిస్ నెత్తిన రుద్దడం నా పని అయింది, దాని అవసరం కాదు.

మొదటి విడతలోని ఐదు ఆడ చేపలు వృథా కాలేదు. తోబుట్టువులతోనే జతకట్టించాను, ఆ విషయంలో పెద్దగా భయపడలేదు కూడా. 2007లో టిమో త్యూంకెన్, ఆయన సహచరులు మోలివే చేపల మీద పరిశోధన ప్రచురించారు. అప్పటికి వాటి పేరు టీనియేటస్. అవి పరాయి చేపలకన్నా తోబుట్టువులనే జతగా ఎంచుకున్నాయి. అలా కలిసిన తల్లిదండ్రులు పిల్లల పెంపకంలో ఒకరికొకరు ఎక్కువగా సహకరించాయి, తమలో తాము తక్కువగా కొట్టుకున్నాయి. చిన్న వాగుల్లో బతికే చేపకు ఇది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. తరాల తరబడి ఇలాగే సాగించాలని మాత్రం నేను అనుకోవడం లేదు. అందుకే తోక చిరిగి బతికిన పాత ఆడ చేపను రెండో విడత మగదానితో కలపాలని చూస్తున్నాను. ఆ 37 మగవాటిలో చాలావాటిని ఆడవి మాత్రమే మిగిలిన పెంపకందార్లకు పంపాను. సంచి మీద నియెటె, మొదటి తరం అని రాసి మరీ పంపాను.

రెండో విడతలోని రెండు జతలు ఇప్పుడు వేర్వేరు తొట్టెల్లో ఉన్నాయి. వాటిలో ఒకదాని కొబ్బరి చిప్ప మూతి మూడు రోజులుగా ఇసుకతో సగం పూడి ఉంది. మగది బయట తిరుగుతోంది. ఆడది మేతకు రావడం లేదు. అద్దం ముక్క ఇంకా బయటికి తీయలేదు.